రెండు సూదులకు కట్టలేదని ఆవును అమ్మకండి: గర్భసంచి లోపల ఏం జరుగుతదో ముందు తెలుసుకుందాం



పై వీడియోలో ఎదలో ఉన్న ఆవు తీగలు ఎట్ల ఉంటయో, స్ట్రాను గోరువెచ్చని నీళ్లల్ల ఎట్ల కరిగించాలో చూపించిన. వీడియోలో చేతులతో చేసే పని చూపించొచ్చు కానీ, సూది వేసినంక ఆవు కడుపులో జరిగే పని చూపించలేం కదా. నా లెక్కన అసలు కథంతా అక్కడే ఉంది. అందుకే ఇది రాస్తున్న. కొంచెం పెద్దగనే ఉంటది, తీరిక చేసుకొని చదవండి.

షాద్‌నగర్ చుట్టుపక్కల, అంటే ఫరూఖ్‌నగర్, కొందుర్గు, కేశంపేట, నందిగామ దిక్కు, పాడి ఉన్న ఇంట్ల రెండు మాటలు ఎప్పుడూ వినపడతయి. ప్రకృతి వ్యవసాయం చేసేటోళ్లు "సూది ప్రకృతికి విరుద్ధం, ఆంబోతుతో దాటిస్తేనే మంచి దూడ పుడతది" అంటరు. హైదరాబాద్‌కు పాలు పోసేటోళ్లు "రెండు సూదులు వేయించినం, కట్టలేదు, ఇగ గొడ్డుపోయినట్టే, అమ్మేద్దాం" అంటరు. ఒకరు సూదిని అనుమానిస్తరు, ఇంకొకరు ఆవును అనుమానిస్తరు. నా అభిప్రాయం ఏందంటే, ఇద్దరూ ఒకే సంగతి మర్చిపోతున్నరు. వీర్యం ఎక్కడిదన్నది సగం సంగతే. అది లోపలికి పోయినంక గర్భసంచి దాన్ని ఎట్ల రానిచ్చింది, ఎక్కడ ఆపింది, ఎంతసేపు బతికించింది అన్నది మిగతా సగం. ఆ సగం మనకు తెలవదు కాబట్టి తప్పు ఎవరి మీదనో ఒకరి మీద వేస్తం.

లోపలికి పోయినయన్నీ చేరవు

మన దగ్గర వాడే చిన్న స్ట్రాలో పావు మిల్లీలీటరు వీర్యం ఉంటది. అందులో సుమారు 2 కోట్ల వీర్యకణాలు ఉంటయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టి, మళ్లీ కరిగేసరికి దాదాపు సగం చనిపోతయి. ఇంకో కోటి ఉన్నయి కదా అనుకుంటం. కానీ అండం కలిసే చోటు, అంటే అండవాహిక దాకా పోయేవి వేలల్లోనే.

మిగతావన్నీ ఏమైతయి? కొన్ని వెనక్కి జారి తీగలతో పాటు బయటపడతయి. కొన్నిటిని గర్భసంచిలోకి వచ్చే తెల్లరక్తకణాలు తినేస్తయి. వీర్యం అంటే ఆవు ఒంటికి పరాయి వస్తువు. ముల్లు గుచ్చుకుంటే ఒళ్లు ఎట్ల స్పందిస్తదో, వీర్యం పడ్డప్పుడు గర్భసంచి కూడా కొంచెం అట్లనే వాస్తది. ఇది రోగం కాదు, లోపలి ఊడ్పు పని. చచ్చిన కణాలను, వీర్యంతో వచ్చిన మురికిని తీసేస్తది. ఆరోగ్యంగా ఉన్న ఆవులో ఒకటి రెండు రోజుల్లో ఆ వాపు తగ్గిపోతది, పిండం దిగే నాటికి గర్భసంచి శుభ్రంగా ఉంటది. మాయ సరిగా పడని ఆవులో, ఈనినంక చీము పట్టిన ఆవులో ఆ వాపు ముందు నుంచే ఉంటది. అక్కడ ఎంత మంచి స్ట్రా వేసినా, ఎంత గొప్ప ఆంబోతు దాటినా ఫలితం ఉండదు.

బతికి చేరిన కణాలు కూడా తిన్నగా పోయి అండాన్ని కలవవు. ఆవులో, బర్రెలో అండవాహిక మొదట్ల ఒక ఇరుకు భాగం ఉంటది. వీర్యకణాలు అక్కడి గోడకు తలలు ఆనించి అతుక్కుంటయి. గోడ మీద ఉండే ఒక రకం చక్కెర పదార్థాన్ని వీర్యకణం తల మీది ప్రోటీన్లు పట్టుకుంటయి. అట్ల అతుక్కున్న కణం శక్తిని ఖర్చు పెట్టుకోకుండా ఆగుతది. విడిగా తిరిగే కణం కంటే ఎక్కువసేపు బతుకుతది. మనం విత్తనాలను గుమ్మిలో దాచినట్టు, ఆవు వీర్యకణాలను అక్కడ దాచిపెడతదన్న మాట. అండం విడుదలయ్యే సమయం దగ్గర పడ్డప్పుడు అవి కొన్ని కొన్నిగా ఊడి, తోక బలంగా కొట్టుకుంటూ ముందుకు పోతయి.

ఇంకో సంగతి ఉంది. ఎద్దు నుంచి వచ్చిన వీర్యకణానికి అప్పటికప్పుడు అండంలోకి చొచ్చుకుపోయే శక్తి ఉండదు. ఆడ పశువు కడుపులో కొన్ని గంటలు ఉన్నాకనే ఆ శక్తి వస్తది. దీన్ని 1951లో అమెరికాలో ఎం.సి. చాంగ్, ఆస్ట్రేలియాలో సి.ఆర్. ఆస్టిన్ ఎవరికి వారు కనిపెట్టిన్రు. అంటే వీర్యాన్ని పండించేది ఆడ పశువు కడుపే. పచ్చి మామిడికాయ గడ్డిలో మాగితేనే పండయినట్టు, వీర్యకణం ఆడ పశువు లోపల మాగితేనే పనికొస్తది. "ఎద్దే అంతా చేసింది, ఆవు మోసింది అంతే" అనే మన పాత ఆలోచనకు ఇక్కడనే దెబ్బ పడతది.

ఆంబోతుకు, సూదికి మధ్య తేడా ఒక తలుపు

ఆంబోతు దాటినప్పుడు వీర్యం యోనిలో పడతది. అక్కడ కోట్లు కాదు, వందల కోట్ల కణాలు ఉంటయి. లోపలికి పోవాలంటే గర్భాశయ ముఖద్వారం దాటాలె. ఎదలో ఉన్నప్పుడు ఆ ద్వారంలో జిగురు పలుచబడి బయటికి పారుతుంటది. మనం చూసే తీగలు అవే. ద్వారం గోడల మీద సన్నని గాడులు ఉంటయి. ఆరోగ్యంగా ఉన్న వీర్యకణాలు ఆ గాడులు పట్టుకొని, పారే జిగురుకు ఎదురీదుతూ లోపలికి పోతయి. చేపలు కాలువలో ఎదురెక్కినట్టు.

2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇట్లాంటి గాడులను చిన్న పరికరంలో తయారుచేసి చూసిన్రు. ఆంబోతు వీర్యకణాలు ప్రవాహానికి ఎదురుగా గాడుల వెంట ఈదినయి. ఆంబోతుల నుంచి ఆవులకు అంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి మాత్రం ఆ ప్రవాహానికి కొట్టుకుపోయింది. అంటే ఆ ముఖద్వారం కాపలా ఉన్న తలుపు లాంటిది. బలమున్న కణానికి దారి ఇస్తది, రోగాన్ని వీలైనంత బయటికి తోస్తది.

ఇప్పుడు సూది సంగతి చూడండి. గన్ను ఆ ముఖద్వారం దాటించి, గర్భసంచి మొదట్ల వీర్యం వదులుతరు. ఆ తలుపును మనమే దాటిస్తున్నం. అందుకనే వందల కోట్ల బదులు 2 కోట్ల కణాలతో పని అయితది. ఇది సూదికి ఉన్న గొప్ప లాభం. కానీ కాపలాను తప్పించినం కాబట్టి, గన్ను మీద ఉన్న పేడ, మట్టి, సూక్ష్మజీవులు కూడా నేరుగా లోపలికి పోతయి. తలుపు చేసే పనిని ఇప్పుడు మన చేతులు చెయ్యాలె.

సూది ప్రకృతికి విరుద్ధమా అని నన్ను అడిగితే నా జవాబు ఇదే. అది ప్రకృతిలో ఒక మెట్టును దాటేస్తది, అంతే. తర్వాతి మెట్లన్నీ ఆవు సొంతంగనే చేసుకుంటది. మనం దాటించిన ఆ ఒక్క మెట్టుకు బాధ్యత మనదే. కొత్త తొడుగు వేయకుండా, మానం కడిగి తుడవకుండా, వచ్చిన చేతితోనే పని కానిస్తే ఆ నింద సూదికి పోవద్దు, ఆ అశుభ్రతకు పోవాలె.

మీ ఇంటికి గోపాలమిత్ర వచ్చినప్పుడు ఈ నాలుగు సిద్ధంగా పెట్టండి: ఒక బకెట్ మంచి నీళ్లు, సబ్బు, ఫ్లాస్కులో వేడి నీళ్లు, పాత న్యూస్ పేపర్లు. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లల్ల 30 సెకన్లు కరిగించి, తుడిచి, ఎండ తగలకుండా వెంటనే వాడాలె. చంకలో పెట్టి, జేబులో పెట్టి కరిగించే పద్ధతి కనపడితే మర్యాదగా "అన్నా, వేడి నీళ్లున్నయి, ఇండ్ల పెడదాం" అనండి. అడిగేది మన హక్కు, గొడవ కాదు.

గంటల లెక్క

ఆవు సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తది. ఎద 12 నుంచి 18 గంటలు ఉంటది. అండం విడుదలయ్యేది ఎద ఉన్నప్పుడు కాదు, ఎద అయిపోయినంక 10 నుంచి 12 గంటలకు. విడుదలైన అండం మొదటి 6 నుంచి 10 గంటలే బలంగా ఉంటది. గడ్డకట్టి కరిగిన వీర్యకణం తాజా వీర్యకణం అంతసేపు బతకదు, ఎందుకంటే గడ్డకట్టే పనిలోనే అది సగం మాగినట్టు అయిపోతది. మాగిన కాయ ఎక్కువ రోజులు నిల్వ ఉండదు కదా.

ఒక ఆవు పొద్దున 6 గంటలకు ఎదకొచ్చింది అనుకుందాం. అండం మరునాడు తెల్లవారుజామున 4 నుంచి మధ్యాహ్నం 12 మధ్యలో విడుదల అయితది. చూసిన వెంటనే పొద్దున 6కే సూది వేయిస్తే, ఆ కణాలు 22 గంటల పైన ఎదురుచూడాలె. చాలా వరకు అప్పటికే చనిపోతయి. అదే రోజు సాయంత్రం 6కు వేయిస్తే, అండవాహిక గోడకు చాలినన్ని కణాలు చేరి అతుక్కోవడానికి 6 నుంచి 8 గంటలు పట్టినా, రాత్రి రెండు గంటలకల్లా గుమ్మి నిండి ఉంటది. అండం వచ్చే సమయానికి సిద్ధం. మరునాడు మధ్యాహ్నం వేయిస్తే, కణాలు చేరేసరికి అండం ముసలిదైపోతది.

పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మరునాడు పొద్దున అనే పాత సూత్రం ఇందుకే. డాక్టర్లు ఊరికె చెప్పలేదు. కానీ మన ఊర్లల్ల జరిగేదేంది? ఎద కనపడగానే ఫోన్ చేస్తం. ఆయన వేరే ఊర్ల ఉంటడు. వచ్చినప్పుడు వేస్తడు. సూది వేసే సమయాన్ని ఆవు ఎద కాకుండా ఆయన బండి నిర్ణయిస్తున్నది. నిలబడకపోతే అప్పుడు స్ట్రాను తిడతం.

మేత లెక్క కూడా చూడండి. ఒక ఎద తప్పితే 21 రోజులు పోయినట్టే. రోజుకు మేత, దాణా 150 రూపాయలు అనుకుంటే 3,150 రూపాయలు. మూడు ఎదలు తప్పితే 9,450. ఒక్క చిన్న నోటుబుక్కు, ఒక పెన్ను ఈ డబ్బు మిగిలిస్తయి. ఎద చూసిన తేదీ, గంట, తీగలు ఎట్లున్నయి, సూది వేసిన గంట, స్ట్రా మీది ఆంబోతు నంబరు. ఈ ఐదు రాసుకుంటే చాలు.

బర్రె మాట్లాడదు, మనమే వినాలె

ఆవు ఎదకొస్తే ఊరందరికీ తెలుస్తది. బర్రె అట్ల కాదు. మూగ ఎద. మిగతా బర్రెల మీదకు ఎక్కడం తక్కువ. తీగలు వేలాడకపోవచ్చు, పండుకున్నప్పుడు మాత్రమే కింద పడొచ్చు. చాలా బర్రెలకు ఎద రాత్రిపూట, తెల్లవారుజామున మొదలైతది. మాటిమాటికి కొద్ది కొద్దిగా మూత్రం పోయడం, అరవడం, పాలు తగ్గడం, మానం కొంచెం ఉబ్బడం, ఇవే గుర్తులు. అందుకే పాలు పిండే మనిషే అన్నిటికంటే మంచి డాక్టరు. మన ఇండ్లల్ల ఆ పని ఎక్కువగా అమ్మ, అక్క, భార్య చేస్తరు. బర్రె పండుకున్న చోట జిగురు పడ్డదా లేదా అన్నది వాళ్లకు తెలిసినట్టు మనకు తెలవదు. ట్రైనింగులకు మాత్రం మగవాళ్లనే పిలుస్తరు. ఇది మారాలె అని నేను గట్టిగా అంటున్న.

ఎండాకాలం ఇంకో కష్టం. మన పాలమూరు, షాద్‌నగర్ ఎండలు 40 డిగ్రీలు దాటుతయి. బర్రె నల్లతోలుకు చెమట తక్కువ, వేడి ఒంట్లనే ఉండిపోతది. ఒంటి వేడి పెరిగితే అండం నాణ్యత తగ్గుతది, మొదటి రోజుల్లో ఉన్న లేత పిండం కూడా తట్టుకోలేదు. సూది నిలిచి కూడా పిండం పోయే అవకాశం ఉంది. మనకు మాత్రం "తిరిగి పొర్లింది" అని కనపడతది. కాబట్టి ఎండాకాలంలో సూది వేయించినంక కనీసం వారం రోజులు చెట్టు నీడ, రోజుకు రెండు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు, రాత్రిపూట మేత. ప్రకృతి వ్యవసాయంలో పొలం గట్ల మీద చెట్లు పెట్టమనేది ఇందుకు కూడా పనికొస్తది.

గొడ్డు అనే ముందు లెక్క చేద్దాం

మన దేశంలో రైతు ఇంటి దగ్గర వేసే సూది నూటికి 35 దరిదాపుల్లో నిలుస్తదని సాధారణంగా చెప్పే లెక్క. ఇదే లెక్కతో చూద్దాం. 100 ఆవులకు, అన్నిటికీ ఒకే అవకాశం ఉందనుకుని, ఒక సూది వేస్తే 65 మిగులుతయి. రెండో సూదికి ఆ 65లో దాదాపు 42 మిగులుతయి. మూడో సూదికి 27 మిగులుతయి.

అంటే ఏ రోగం లేకున్నా, రెండు సూదులకు కట్టని ఆవులు నూటికి 42 ఉంటయి! మనం వాటిని గొడ్డుపోయినయని సంతకు తోలుతున్నం. ఇది ఆవు తప్పు కాదు, లెక్క తప్పు. అదే సూది సరైన గంటకు, శుభ్రంగా వేసి, నిలబడే శాతాన్ని 50కి తేగలిగితే రెండు సూదులకు 25, మూడు సూదులకు 12 మాత్రమే మిగులుతయి. ఆవు అదే, స్ట్రా అదే.

మూడు సూదులు సరైన సమయానికి వేసినా కట్టకపోతే అప్పుడు "తిరిగి పొర్లే పశువు" అని డాక్టరు పరీక్ష చేయాలె. తీగలు గాజులాగ తెల్లగా స్వచ్ఛంగా ఉండాలె. అందులో పాలవిరుగు లాంటి ముక్కలు, చీము చారలు ఉంటే ఆ ఎదకు సూది వేయించొద్దు, వైద్యం చేయించాలె. కంటికి కనపడని వాపును పట్టే పరీక్ష కూడా ఉంది. తీగ జిగురును సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో వేడి చేస్తరు. పసుపు రంగు తిరిగితే లోపల తెల్లరక్తకణాలు ఎక్కువున్నట్టు. ఖర్చు తక్కువ. అడిగి చేయించుకోండి.

ఇక్కడ మన ప్రకృతి వ్యవసాయ మిత్రులకు ఒక మాట. జీవామృతం భూమికి, గర్భసంచికి కాదు. పసుపు నీళ్లు, వేపనూనె, గోమూత్రం పైపుతో లోపలికి పంపించమని ఎవరైనా వీడియోలో చెప్తే నమ్మొద్దు. పైన చెప్పిన ఆ సన్నని పొర, ఆ గోడ, ఆ గుమ్మి అన్నీ అక్కడనే ఉన్నయి. మంచి చేద్దామని పోసి కాల్చేస్తం. ఆవుకు బయటి నుంచి మనం చేయగలిగే సాయం మేత, నీళ్లు, నీడ, రోజుకు 30 నుంచి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం. ఈనినంక కనీసం రెండు నెలలు గర్భసంచికి విశ్రాంతి.

ఆంబోతు వద్దనట్లేదు

ఇది చదివి నన్ను సూది పక్షం మనిషి అనుకోకండి. ఆంబోతు మందలో ఉంటే ఎదను మనకంటే బాగా పట్టుకుంటది, సరైన సమయానికి ఒకటికి రెండుసార్లు దాటుతది. మూగ ఎద బర్రెలున్న ఇంటికి మంచి దున్నపోతు వరం. అట్లనే పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ దిక్కు నల్లమలలో పొడ తూర్పు పశువులు ఉన్నయి. మన తెలంగాణ నుంచి జాతిగా గుర్తింపు పొందినయి. ఇట్లాంటి జాతులు మందల్లో, మందలోని ఆంబోతులతోనే ఇన్నేండ్లు నిలిచినయి. వాటి వంశం ఆగొద్దంటే మంచి ఆంబోతులు ఉండాలె.

కానీ ఆంబోతుకు కూడా షరతులు ఉన్నయి. ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు బ్రూసెల్లా, ట్రైకోమోనాస్, విబ్రియో లాంటి రోగాలు మోసుకుపోతది. ఆంబోతుకు పైకి చాలాసార్లు ఏ లక్షణం కనపడదు, ఆవులు మాత్రం ఈసుకపోతనే ఉంటయి. అందుకే ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించాలె. రెండు మూడేండ్లకు మించి ఒకే ఊర్ల ఒకే ఆంబోతు ఉంటే అది తన పెయ్యలనే దాటుతది. దూడలు బలహీనమైతయి. ఆంబోతుకు జ్వరం వస్తే, తయారయ్యే వీర్యం దెబ్బతింటది. కొత్త వీర్యం తయారు కావడానికి రెండు నెలలు పడతది. 2022లో ముద్దచర్మ వ్యాధి వచ్చినట్టు ఏదన్నా వస్తే రెండు నెలలు ఆంబోతుకు సెలవియ్యాలె. మన దిక్కు పత్తి ఎక్కువ కాబట్టి పత్తి చెక్క బాగా పెడతరు. అందులోని గాసిపాల్ అనే పదార్థం ఎక్కువైతే మగ పశువు వీర్యానికి చెడ్డది. ఆంబోతుకు పల్లీ చెక్క, ఉలవలు మేలు.

ఐదారు ఊర్ల రైతులు కలిసి ఒక మంచి ఆంబోతును కొని, పరీక్షలు చేయించి, ఏడాదికో రెండేండ్లకో ఊర్లు మార్చుకుంటే బాగుంటది. ఊరికి ఒక దేవర ఆంబోతు ఉండే పాత పద్ధతికే లెక్కాపత్రం చేర్చినట్టు.

నాటుకోళ్లు పెంచేటోళ్లకు ఒక మాట

చాలామంది అడుగుతున్నరు, పుంజును తీసేసినంక కూడా గుడ్లు పొదుగుతున్నయేంది అని. ఇది కూడా ఆడదాని గొప్పతనమే. పెట్ట లోపల, గుడ్డు దారి చివర్ల, కంటికి కనపడని చిన్న చిన్న గొట్టాలు ఉంటయి. వీర్యకణాలను పెట్ట అందులో దాచుకుంటది. రెండు మూడు వారాలు అవి బతికే ఉంటయి. రోజుకో గుడ్డుకు కొన్ని కొన్ని వదులుతది. అందుకే జాతి మార్చాలనుకుంటే పాత పుంజును తీసి కనీసం మూడు వారాలు ఆగి, ఆ తర్వాతి గుడ్లనే పొదగెయ్యండి. లేకపోతే అసీల్ అని అమ్మిన పిల్ల ఇంకేదో అయితది, మీ మాట పోతది. తనకు ఇష్టం లేని తక్కువస్థాయి పుంజు దాటితే పెట్ట ఆ వీర్యాన్ని బయటికి నెట్టేస్తదని కూడా 2000లో పరిశోధకులు చూపించిన్రు. ఎంచుకునేది పుంజు ఒక్కటే కాదు.

సూదులు కాదు, దూడలు లెక్కపెట్టండి

ఇప్పుడు అధికారులకు. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం దేశవ్యాప్తంగా ఉచిత కృత్రిమ గర్భధారణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంటి ముందుకు వచ్చి సూది వేయడం మంచి పని. చెవిపోగు మీది 12 అంకెల నంబరుతో ప్రతి సూదీ నమోదవుతది. నా డిమాండ్ ఒక్కటే. సూదులు ఎన్ని వేసిన్రన్నది కాదు, ఆ నంబరు మీద చూడి పరీక్షలు ఎన్నయినయి, దూడలు ఎన్ని పుట్టినయి అన్నది ఊరువారీగా గ్రామ పంచాయతీ గోడ మీద రాయండి. లక్ష్యం సూదుల మీద ఉంటే ఎద అయిపోయిన ఆవుకు కూడా సూది పడతది. లక్ష్యం దూడల మీద ఉంటే సరైన గంట కోసం ఆగుతరు. గోపాలమిత్రలకు కూడా అదే లెక్కన గౌరవంగా డబ్బు ఇవ్వాలె. ఎండకు బండి మీద తిరిగే వాళ్లను టార్గెట్ల పేరుతో ఉరికిస్తే నష్టం మనకే.

పెయ్యదూడే పుట్టే లింగ నిర్ధారిత వీర్యం గురించి కూడా చెప్తున్న. నూటికి 90 దాకా పెయ్యలు పుడతయన్నది నిజమే. కానీ మామూలు స్ట్రాలో 2 కోట్ల కణాలుంటే, ఇందులో 20 నుంచి 40 లక్షలే. వేరుచేసే పనిలో అలసిపోయిన కణాలు. కాబట్టి గంట తప్పితే అసలు క్షమించదు. ఎద సరిగ్గా పట్టడం రాని ఇంట్ల ఖరీదైన స్ట్రా వేయించడం అంటే, తేమ లేని దుక్కిలో మేలురకం విత్తనం చల్లినట్టు. ముందు నోటుబుక్కు, తర్వాత ఆ స్ట్రా. మొదటి ఎదలు బాగా కనపడే ఆరోగ్యవంతమైన పడ్డలకు, పెయ్యలకు ముందు వాడండి.

ఆ మాట కూడా మారాలె

చివరగా ఒక సంగతి, పశువుల గురించి మాత్రమే కాదు. "గొడ్డు" అనే మాట మన ఇండ్లల్ల ఆవుకూ వాడతం, మనిషికీ వాడతం. పెండ్లయి రెండేండ్లు కాకముందే ఆడబిడ్డను ఆ మాట అనేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. పరీక్షలు కూడా ముందు ఆమెకే. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటదని డాక్టర్లు ఎప్పటి నుంచో చెప్తున్నరు. పుట్టుక ఒకరి పని కాదు. ఇద్దరి కలయిక సరైన వేళకు, సరైన చోట కుదరాలె. ఆవు కడుపులో జరిగేది తెలుసుకున్న రైతు, తన ఇంట్ల ఆ మాట అనడానికి ముందు ఆగుతడని నా నమ్మకం.

ఈ నెల ఒక్క పని చేయండి. మీ కొట్టంల గోడకు ఒక క్యాలెండర్ తగిలించి, ఎద కనపడ్డ రోజు చుట్టూ గుండ్రంగా గీసి గంట రాయండి. 18వ రోజు నుంచి 24వ రోజు దాకా పొద్దున ఐదింటికి, రాత్రి పది గంటలకు ఇరవై నిమిషాలు పశువుల దగ్గర కూర్చోండి. ఫోన్ చూడకుండా! మూడు నెలల తర్వాత మీ క్యాలెండర్ ఏం చెప్పిందో వీడియో కింద రాయండి. మంచి ఫలితం వచ్చినా, రాకపోయినా రాయండి. కట్టని ఆవుల వివరాలే మనందరికీ ఎక్కువ నేర్పుతయి.

జై కిసాన్.